మోటారు సైకిలే మొదటి బడి – జి.డి. నాయుడు జీవితం



వార్షికోత్సవ సంచిక కోసం ఎవరైనా ఒక గొప్ప వ్యక్తి జీవితం రాసివ్వమని కమిటీ తమ్ముళ్లు అడిగారు. అంబేద్కర్ గారి గురించి, ఫూలే దంపతుల గురించి మన సంచికలో ప్రతి ఏడూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. రాయాలి కూడా. నేను మాత్రం ఈసారి ఒక మెకానిక్ గురించి రాస్తున్నాను. ఎందుకో ముందు చెప్పాలి.

మా అన్న ఫిల్మ్‌నగర్‌లో ఒక టూవీలర్ షెడ్డులో మెకానిక్. పదో తరగతి తప్పాడు. నేను ట్రంకుపెట్టె పట్టుకొని ఈ హాస్టల్లో అడుగుపెట్టిన సంవత్సరమే ఆయన ఆ షెడ్డులో పానా పట్టుకున్నాడు. నా పరీక్ష ఫీజులు, బస్ పాసులు, చలికాలం దుప్పటి అన్నీ ఆ గ్రీజు చేతుల సంపాదనే. మా ఇంట్లో డిగ్రీ పాసైన మొదటివాణ్ని నేను. ఇప్పుడు పి.జి. చదువుతున్నాను.

నిరుడు పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మన హాస్టల్ తమ్ముడొకడు ఫోన్ చేశాడు. లెక్కల్లో పోయిందట. పెట్టె సర్దుకుంటున్నానని, మా అన్న షెడ్డులో చేర్పించమని అడిగాడు. చేరమంటే నేనే చదువు మాన్పించినట్టు అవుతుంది. వద్దంటే మా అన్న పనిని నేనే చిన్నబుచ్చినట్టు అవుతుంది. ఏం చెప్పాలో తోచక, తర్వాత మాట్లాడతానని ఫోన్ పెట్టేశాను. ఆ రోజు ఇవ్వలేకపోయిన జవాబే ఈ వ్యాసం.

షెడ్డులో ఒక సాయంత్రం

జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దాటి ఫిల్మ్‌నగర్ వైపు వెళ్తే పెద్ద పెద్ద బంగళాలు, స్టూడియోలు, ఫిల్మ్ చాంబర్ కనిపిస్తాయి. వాటి వెనకే బస్తీలున్నాయి. లైట్లు మోసేవాళ్లు, సెట్లకు మేకులు కొట్టేవాళ్లు, జూనియర్ ఆర్టిస్టులు, డ్రైవర్లు అక్కడే ఉంటారు. తెర మీద హీరో బండి గాల్లోకి లేస్తే మనం విజిల్ వేస్తాం. అంతకు ముందు రోజు రాత్రి ఆ బండి కార్బురేటర్ ఎవరో ఒకరు కడిగి ఉంటారు. వాళ్ల పేరు తెర మీద పడదు.

ఒక సాయంత్రం అన్న షెడ్డుకు అలాంటి బండే వచ్చింది. మట్టిలో, రాళ్లలో దూకించే డర్ట్ బైకు. టూ స్ట్రోక్ ఇంజను. చోక్ లాగితే స్టార్ట్ అవుతోంది, చోక్ మూయగానే ఆగిపోతోంది. ఎక్సలేటర్ తిప్పితే గొంతు పట్టేసినట్టు గుర్రుమని చచ్చిపోతోంది. తెల్లారితే షూటింగు. తెచ్చినతను కార్బురేటర్ మొత్తం మార్చేయమన్నాడు. అన్న ఒప్పుకోలేదు. ముందు విప్పి చూద్దామన్నాడు.

కార్బురేటర్ పని చెప్పడానికి తేలికే. గాలిలో పెట్రోలును తుంపరగా కలిపి ఇంజనుకు అందిస్తుంది. కింద చిన్న గిన్నె ఉంటుంది. అందులో పెట్రోలు ఎంత మట్టంలో ఉండాలో ఫ్లోట్ అనే బెండులాంటి ముక్క చూసుకుంటుంది. నిండగానే దాని సూది పెట్రోలు దారి మూసేస్తుంది. మన హాస్టల్ ట్యాంకులో నీళ్లు నిండితే బంతి పైకి లేచి కుళాయి కట్టేసినట్టే. ఆ గిన్నెలోంచి పెట్రోలు జెట్టుల ద్వారా పైకి పోతుంది. బండి నిలబడి ఆడుతున్నప్పుడు స్లో జెట్టు, ఎక్సలేటర్ పూర్తిగా తిప్పినప్పుడు మెయిన్ జెట్టు, ఆ రెండింటికీ మధ్యలో నీడిల్ పెట్రోలు ఇస్తాయి. స్లో జెట్టు రంధ్రం వెంట్రుక దూరేంత మాత్రమే.

అన్న పెట్రోల్ కాక్ కట్టేసి, గిన్నె విప్పాడు. అడుగున పసుపుపచ్చని జిగురు పేరుకుని ఉంది. నెలల తరబడి వాడకుండా పెట్టిన బండిలో పెట్రోలు ఆవిరైపోయి అలా జిగురు మిగులుతుందట. స్లో జెట్టు తీసి బల్బు వెలుతురుకు అడ్డంగా పట్టుకుని నన్ను చూడమన్నాడు. వెలుతురు రావడం లేదు. తీగ పెట్టి పొడుద్దామని నేనంటే తల అడ్డంగా ఊపాడు. ఇనుప తీగ పెడితే రంధ్రం పెద్దదై జెట్టు కొలతే పోతుంది. క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టాడు. ఈసారి చుక్కంత వెలుతురు కనపడింది. తర్వాత ఎయిర్ ఫిల్టర్ ఉతికాడు. కార్బురేటర్‌కూ ఇంజనుకూ మధ్యనున్న రబ్బరు గొట్టం పగిలిందేమో వేళ్లతో వంచి చూశాడు. అక్కడ పగిలితే దొంగగాలి లోపలికి పోతుంది.

టూ స్ట్రోక్ బండికి ఈ దొంగగాలి ప్రాణం మీదికి తెస్తుంది. ఇలాంటి బండ్లలో పిస్టన్‌కు కావలసిన ఆయిల్ పెట్రోలుతో కలిసే లోపలికి వస్తుంది. పెట్రోలు తగ్గి గాలి ఎక్కువైతే ఆయిలూ తగ్గుతుంది, వేడి పెరుగుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. రాళ్ల మీద ఎగిరే బండి గాల్లో ఉండగా పట్టేస్తే ఫైటర్ గతి ఏమిటో ఆలోచించండి. చివరికి అన్న బండిని కాసేపు నడిపి, ఆపి, ప్లగ్గు విప్పి రంగు చూశాడు. తడిగా నల్లగా ఉంటే పెట్రోలు ఎక్కువ. తెల్లగా కాలి ఉంటే గాలి ఎక్కువ. టీ రంగులో ఉంటే సరిగ్గా ఉన్నట్టు. టీ రంగే వచ్చింది. కొత్త సామాను ఏదీ పడలేదు.

ఆ షెడ్డు ఉస్తాద్ వయసులో ఉన్నప్పుడు కోయంబత్తూరులో కొన్నాళ్లు పనిచేసి వచ్చినాయన. అక్కడ ఒక ఎగ్జిబిషన్‌లో పాత మోటారు సైకిల్ చూశానని, ఒక పల్లెటూరి తెలుగు కుర్రాడు దాన్ని విప్పి బిగించి విప్పి బిగించి చివరికి పెద్ద ఫ్యాక్టరీలు పెట్టాడని ఆయన ఆ రాత్రి చెప్పాడు. మర్నాడే యూనివర్సిటీ లైబ్రరీకి వెళ్లి వెతికాను. ఆ కుర్రాడే జి.డి. నాయుడు.

కలంగల్ కుర్రాడు

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు గారు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ అనే పల్లెలో పుట్టారు. విజయనగర రాజుల కాలంలో తెలుగు నేల నుంచి వలసపోయి తమిళ దేశంలో వ్యవసాయం చేసుకుంటూ, ఇంట్లో తెలుగే మాట్లాడుకునే కుటుంబాల్లో వారిదొకటి. తండ్రి రైతు. తల్లి చిన్నతనంలోనే చనిపోయింది.

బడి ఆయనకు ఎక్కలేదు. మాస్టార్ల మీద ఇసుక చల్లి పారిపోయేవాడని అక్కడివాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. మూడో తరగతితోనే చదువు ఆగింది. పొలం పనిలో పడ్డారు. కానీ దొరికిన పుస్తకమల్లా చదివే అలవాటు మాత్రం పొలంలోనూ వదల్లేదు. బడి మానేయడం, చదువు మానేయడం రెండూ ఒకటి కాదని ఆయన జీవితంలో మొదటి పాఠం ఇక్కడే దొరుకుతుంది.

ఒకరోజు ఒక తెల్లదొర, రెవెన్యూ అధికారి, వాళ్ల ఊరికి మోటారు సైకిల్ మీద వచ్చాడు. అది ఇంగ్లండులో తయారైన 1912 నాటి రడ్జ్ బండి. ఎద్దు లేదు, గుర్రం లేదు. ఆ కుర్రాడు దాని చుట్టూ తిరిగాడు. ఆ క్షణం నుంచి ఆయనకు వేరే ధ్యాస లేదు. ఊరు వదిలి కోయంబత్తూరు చేరి, దొరికిన పనల్లా చేశారు. హోటల్లో సర్వర్‌గా టేబుళ్ల దగ్గర వడ్డించారు. సుమారు మూడేళ్లు కూడబెట్టి, 300 రూపాయలు పోగవగానే ఆ దొర దగ్గరికే వెళ్లి ఆ బండినే కొన్నారు.

అంత కష్టపడి కొన్న బండి మీద ఊరేగితే మామూలు కథే అయ్యేది. నాయుడు గారు దాన్ని విప్పి నేల మీద పరిచారు. మళ్లీ బిగించారు. మళ్లీ విప్పారు. ఆ రడ్జ్ మన డర్ట్ బైకులా టూ స్ట్రోక్ కాదు, ఒకే సిలిండర్ ఉన్న ఫోర్ స్ట్రోక్ బండి. అయినా గాలి, పెట్రోలు, నిప్పురవ్వ ఈ మూడూ సరైన పాళ్లలో, సరైన సమయానికి కలవాలన్న సూత్రం రెండింటికీ ఒక్కటే. మూడో తరగతి చదివిన మనిషికి ఆ సూత్రం ఏ మాస్టారూ చెప్పలేదు. ఆ బండే చెప్పింది. అలా ఆయన మెకానిక్ అయ్యారు. ఆ బండి తర్వాత కోయంబత్తూరు ఎగ్జిబిషన్‌కే చేరింది.

ఒక్క బస్సు నుంచి

మధ్యలో పత్తి వ్యాపారం చేశారు. బాగా సంపాదించి, ఆ డబ్బుతో బొంబాయి వెళ్లి, అక్కడ పోగొట్టుకుని తిరిగి వచ్చారు. ఆ సమయంలో ఆయనకు సాయం చేసినవాడు కోయంబత్తూరులో పరిశ్రమలు నడిపిన సర్ రాబర్ట్ స్టేన్స్. ఆ సాయంతో 1920లో ఒక బస్సు తీసుకుని పొల్లాచ్చి నుంచి పళని దాకా తిప్పారు. డ్రైవరు ఆయనే. బస్సు చెడిపోతే బాగు చేసుకునేదీ ఆయనే.

ఆ ఒక్క బస్సే యూనివర్సల్ మోటార్ సర్వీస్ అయింది. జనం యు.ఎం.ఎస్. అనేవారు. 1933 నాటికి 280 బస్సులయ్యాయి. అన్ని బస్సులున్నప్పుడు ప్రతి చిన్న సామానుకూ విదేశం వైపు చూస్తే పని జరగదు. అందుకని మరమ్మతు చేసే చోటే తయారు చేయడం మొదలైంది. బండి బాగుచేసే షెడ్డే ఫ్యాక్టరీగా పెరిగింది. 1937లో డి. బాలసుందరం నాయుడు గారితో కలిసి కోయంబత్తూరులోని పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. దేశంలోనే తయారైన మొదటి మోటారుగా దాన్ని చెబుతారు. పంపు మోటార్లకు కోయంబత్తూరు ఈనాటికీ పేరుపొందిన ఊరు. మన ఊళ్లలో బోరుబావుల మీద ఉండే మోటారు రేకు చదివి చూడండి, చాలావాటి మీద ఆ ఊరి పేరే ఉంటుంది.

చేతికి అందిన ప్రతి వస్తువునూ

బండిని చూసిన చూపుతోనే ఆయన ప్రతి వస్తువునూ చూశారు. బ్యాటరీ సెల్లులతో నడిచే గడ్డం గీసుకునే యంత్రం చేశారు. పలచటి షేవింగు బ్లేళ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కరెంటు లేని ఇళ్ల కోసం కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటు యంత్రం ఆయన చేసినవే. ఎన్నికల్లో ఒకసారి నిలబడి ఓడిపోయిన మనిషి కూడా ఆయనే. 1941లో ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు ఇవ్వగలనని చేసి చూపించారు. రేడియో అంటే ధనవంతుల ఇంటి వస్తువుగా ఉన్న రోజులవి.

ఫిల్మ్‌నగర్‌లో ఉండేవాళ్లకు నచ్చే సంగతి ఒకటుంది. నాయుడు గారికి కెమెరా అంటే బండి మీదున్నంత ప్రేమ. గాంధీ, నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌లను తన చేతులతో ఫోటోలు తీశారు. 1936లో లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి అంతిమయాత్రను స్వయంగా సినిమా తీశారు. సినిమా కెమెరాలో దూరాన్ని సరిచేసే పరికరాన్ని కూడా తయారు చేశారు. ఆయన పోయిన ఎన్నో ఏళ్లకు ఆయన మీద ఫిలిమ్స్ డివిజన్ తీసిన డాక్యుమెంటరీకి, 2018 సంవత్సరపు జాతీయ సినిమా అవార్డుల్లో ఉత్తమ శాస్త్ర సాంకేతిక చిత్రంగా బహుమతి వచ్చింది.

పొలాన్ని కూడా ఆయన వదల్లేదు. మనిషికంటే ఎత్తు పెరిగే పత్తి మొక్కల్ని పెంచారు. సి.వి. రామన్ గారు, మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు ఆయన తోట చూడటానికి వెళ్లారు. మూడో తరగతి మనిషి తోటలోకి నోబెల్ బహుమతి శాస్త్రవేత్త నడిచి వెళ్లిన ఆ దృశ్యం తలచుకుంటే నాకు ఒళ్లు పులకరిస్తుంది.

చేతికి రాని గెలుపులు

ఆయన అన్నింట్లో గెలిచారని రాస్తే అబద్ధమవుతుంది. 1952లో ఇద్దరు కూర్చునే చిన్న పెట్రోలు కారు తయారు చేశారు. ధర 2,000 రూపాయలు మాత్రమే. దాన్ని పెద్ద ఎత్తున తయారు చేయడానికి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు ఆగిపోయింది. పన్నుల తీరు మీద కోపంతో తాను తయారు చేయించిన వస్తువుల్నే జనం ముందు పగలగొట్టించారు. అది సరైన పనా కాదా అని వాదించుకోవచ్చు. చెమటోడ్చి చేసిన వస్తువును పగలగొట్టేటప్పుడు చెయ్యి ఎంత వణికి ఉంటుందో పనిచేసేవాడికే తెలుస్తుంది.

చదువు విషయంలోనూ అంతే. బడి నుంచి పారిపోయిన ఆ మనిషే 1945లో సొంత డబ్బుతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పేరు మీద పాలిటెక్నిక్, ఇంజనీరింగు కాలేజీ రావడానికి మూలమయ్యారు. ఆర్థర్ హోప్ అప్పటి మద్రాసు గవర్నరు. ఆ కాలేజీకి ప్రిన్సిపాల్‌గా కూడా నాయుడు గారు పనిచేశారు. నాలుగేళ్ల ఇంజనీరింగు చదువులో విద్యార్థి కాలం వృథా అవుతోందని, పనితో కలిపి నేర్పితే రెండేళ్లు చాలని ఆయన అభిప్రాయం. ప్రభుత్వం ఒప్పుకోలేదు. పదవి వదిలేశారు. కాలేజీ మాత్రం నిలబడింది. ఈనాటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అదే.

అంతకు ముందే 1944లో మోటారు వ్యాపారం నుంచి తప్పుకుని, పరిశోధన చేసే విద్యార్థులకు ఉపకార వేతనాలు, పనివాళ్ల సంక్షేమం, అణగారిన వర్గాల మేలు కోసం విరాళాలు ప్రకటించారు. ఉపకార వేతనం విలువ మనకంటే బాగా ఎవరికి తెలుసు! 1967లో పొద్దున మొదలుపెట్టి సాయంత్రానికల్లా ఒక ఇల్లు కట్టించి చూపించారు. ఆ ఏడాదే యంత్రాల ఎగ్జిబిషన్ నెలకొల్పారు. మా ఉస్తాద్ చూసింది అదే. 1974 జనవరి 4న నాయుడు గారు కన్నుమూశారు.

ఈ జీవితాన్ని ఎలా చదువుకోవాలి

ఇక ఆ తమ్ముడి ప్రశ్నకు వస్తాను.

మూడో తరగతి చదివిన నాయుడు గారు అంతవారైతే నాకు పదో తరగతి ఎందుకని ఎవరైనా అడగొచ్చు. తమ్ముళ్లూ, ఇక్కడ జాగ్రత్తగా ఆలోచించాలి. నాయుడు గారి తండ్రికి పొలం ఉంది. బొంబాయిలో డబ్బు పోయినప్పుడు తిరిగి రావడానికి ఇల్లుంది. నమ్మి బస్సు ఇప్పించిన పెద్దమనిషి ఉన్నాడు. కిందపడితే పట్టుకునే గట్టు ఆయనకు ఉంది. మనలో చాలామందికి అది లేదు. మన గట్టు మన సర్టిఫికెట్టే. మా అన్న చేతిలో నాయుడు గారికున్నంత పని ఉంది. కానీ పదో తరగతి లేదని ఒక కంపెనీ సర్వీసు సెంటర్లో గేటు దగ్గరే వెనక్కి పంపారు. కార్బురేటర్ విప్పనిచ్చి చూస్తే ఆయన సంగతి తెలిసేది. కాగితం అడిగారు, కాగితం లేదు. ఆ రాత్రి ఆయన అన్నం తినలేదు.

కాబట్టి ఆయన జీవితం నుంచి బడి మానేయడం ఒక్కటే తీసుకుంటే, బండి వదిలేసి పొగ తీసుకున్నట్టు. విప్పి చూసే గుణం తీసుకోవాలి. లెక్కల్లో పోయిన తమ్ముడు లెక్కలు మొత్తం రావని అనుకుంటున్నాడు. అది చోక్ మూస్తే ఆగిపోయే బండిని చూసి కార్బురేటర్ మొత్తం మార్చేయమన్నట్టే. విప్పి చూస్తే ఎక్కడో ఒక చిన్న జెట్టు మూసుకుపోయి ఉంటుంది. భిన్నాలు కావచ్చు, బీజగణితం కావచ్చు. ఆ ఒక్కటీ శుభ్రం చేసుకుంటే మిగతా ఇంజను బాగానే ఉంది.

పని నేర్చుకోవడం తప్పని నేను అనను. మా అన్న తమ్ముడిగా ఆ మాట నా నోట రాదు. పని, చదువు రెండూ కలిసే దారులు కూడా ఉన్నాయి. పది పాసైతే ఐ.టి.ఐ.లో మోటారు మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. పాలిసెట్ రాస్తే పాలిటెక్నిక్ డిప్లొమా. ఆ డిప్లొమా మీద ఈసెట్ రాస్తే ఇంజనీరింగు రెండో సంవత్సరంలో నేరుగా చేరవచ్చు. నాయుడు గారు కోరుకున్నట్టు చేతిలో పానాతో చదివే చదువులివి. వీటన్నిటికీ గేటు ఒక్కటే, పదో తరగతి.

ఆ తమ్ముడికి వారం తర్వాత ఫోన్ చేశాను. అప్పటికే వేరే షెడ్డులో చేరిపోయాడు. సప్లిమెంటరీ రాయలేదు. ఆలస్యం చేసింది నేనే. అన్నతో ఈ సంగతి చెబితే, ఆదివారాలు తన దగ్గరికి పంపమన్నాడు. పని ఆయన నేర్పుతాడు, లెక్కలు నేను చెప్పాలి. అదీ ఒప్పందం. ఈ సంచిక ఆ తమ్ముడి చేతికి కూడా చేరాలని కమిటీ వాళ్లను కోరుతున్నాను. ఈసారి పరీక్ష ఫీజు నేను కడతాను. ఒకప్పుడు నా ఫీజు కట్టినవాడు కూడా ఒక మెకానికే.

మన హాస్టల్ నుంచి డాక్టర్లు, టీచర్లు, ఆఫీసర్లతో పాటు మంచి మెకానిక్కులు కూడా రావాలని, ఆ మెకానిక్కుల జేబులో సర్టిఫికెట్ కూడా ఉండాలని, ఏ తమ్ముడూ ఒక్క సబ్జెక్టు పోయిందని ట్రంకుపెట్టె సర్దుకోకూడదని కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

– హాస్టల్ పూర్వ విద్యార్థి, పి.జి. రెండో సంవత్సరం